కట్టె మునెయ్య పెట్టని కట్టెలు

మునెయ్య మొహం ఎలా ఉంటుందో చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆయన గొంగళి ఎలా ఉంటుందో చెప్పేవారు: నల్లది, అంచున ఎర్ర దారం. ఆయన చేతికట్టె ఎలా ఉంటుందో చెప్పేవారు: తుమ్మకట్టె, పైకొసన పిడికిలంత ముడి. మనిషిని మాత్రం తన వాడలోవాళ్ళు, తన చుట్టాలు తప్ప ఎవరూ పోల్చలేరు. నలభై ఏళ్ళుగా ఎవరూ ఆయన మొహంలోకి చూడలేదు మరి. చూడకూడదు.

పుత్తూరుకు పడమటగా ఎర్రమిట్ట అని ఒక ఊరు. ఊరికి ఎడంగా, ఏటి గట్టున మాలవాడ. ఊళ్ళో ఎవరు పోయినా పొరుగూళ్ళ బంధువులకు చావు కబురు మోసుకుపోవడం మునెయ్య ఇంటివాళ్ళ వెట్టి. వాళ్ళ తాత చేశాడు, నాయన చేశాడు, పదమూడో ఏట మునెయ్య చేతికి కట్టె వచ్చింది. కూలి అంటూ ఏమీ ఉండదు. దినాలయ్యాక చేటెడు గింజలు, అవి కూడా దూరంగా నిలబడి గొంగట్లో పోయించుకోవాలి.

ఆ పనికొక పద్ధతి ఉంది. చావును నోటితో చెప్పకూడదు. గొంగళి నెత్తిమీంచి కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి, బంధువుల ఇంటి ముందు కట్టెను అడ్డంగా పడుకోబెట్టాలి. ముడి ఉన్న కొస చావు జరిగిన ఊరివైపు తిప్పాలి. పోయింది మగవాడైతే కట్టెకు గడ్డిపోచ, ఆడదైతే పసుపుకొమ్ము కట్టి ఉంటుంది. ఆ ఇంటి పెద్ద వచ్చి కట్టె ఎత్తి నిలబెడితే కబురు అందుకున్నట్టు. అప్పుడు కట్టె తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి.

"మొగం కప్పుకోరా," అని నాయన మొదటిరోజే చెప్పాడు. "వాళ్ళు నీ మొగం జూసినారంటే ఆ సావు నీ మొగంలోనే ఉండిపోతాది."

అప్పటినుంచి మునెయ్య ఏ ఊరి పొలిమేర తొక్కినా ఆ ఊరు మారిపోయేది. రోకళ్ళ చప్పుడు ఆగిపోయేది. తల్లులు పిల్లల్ని రెక్క పట్టి లోపలికి లాగేవారు. మిట్టమధ్యాహ్నం, తెల్లటి ఎండలో, మనిషన్నవాడు కనిపించని వీధిలో ఆయన ఒక్కడే నడిచేవాడు. ప్రతి తలుపు వెనకా ఊపిరి బిగపట్టుకుని ఎవరో ఉన్నారని ఆయనకు తెలిసేది. తమ ఇల్లు దాటిపోతే చాలని వాళ్ళు మొక్కుకునేది కూడా వినిపించినట్టే ఉండేది. దాటిపోయిన ఇళ్ళలో దీర్ఘంగా ఊపిరి వదిలిన చప్పుడు. ఆగిన ఇంట్లో ఏడుపు.

ఇవన్నీ ఆయనకు అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒక్కటే. కూతురు ఆనందమ్మను నగరి పక్కన ఊటగుంటలో ఇచ్చారు. పెళ్ళయిన నెలకు, కూతుర్ని చూసుకుందామని మునెయ్య వెళ్ళాడు. గొంగళి లేదు, కట్టె లేదు, భుజాన శనక్కాయల మూట. ఆయన వెళ్ళొచ్చిన మూడోరోజే ఆనందమ్మ మామ పోయాడు. అత్త సుబ్బులమ్మ ఆ రోజే కబురు పంపింది. "మా ఒదిన్ని రమ్మను. అన్నను మాత్రం మా వాకిలి తొక్కొద్దని చెప్పు."

తర్వాత మనవరాలు పుట్టింది. భారతమ్మ అని పేరు పెట్టారు. మూడేళ్ళు వచ్చాయి. మునెయ్య ఆ పిల్లను చూడలేదు.

అలా ఉండగా శాంతయ్య వచ్చాడు. వాడలో బడి పెట్టిన అయ్యోరు ఆయన. తెల్లటి ఖద్దరు చొక్కా, చేతిలో పలకల కట్ట. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు, సాయంత్రం పెద్దలను కూర్చోబెట్టి పత్రిక చదివి వినిపించేవాడు. దొరలు దేశం విడిచిపోతారనీ, గుళ్ళ తలుపులు అందరికీ తెరుస్తారనీ, వెట్టి అనే మాటే ఉండదనీ చెప్పేవాడు. 'వాళ్ళు ఇచ్చేదాకా కాచుకోవద్దు, మీరే వదిలేయండి' అనేవాడు.

పంతొమ్మిది వందల నలభై ఆరు, ఉగాది వెళ్ళిన మొదటి ఆదివారం పొద్దున, బడి పాకలో ముప్పై నలుగురు మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. దీపం ముట్టి ఒట్టు పెట్టారు. చచ్చిన గొడ్డును మోయం, చావుకు పలక డప్పు కొట్టం, చావు కబురు తీసుకుపోం. మాట తప్పిన ఇంటికి వాడలో నిప్పూ నీళ్ళూ బంద్. ఆడవాళ్ళు తడిక అవతల నిలబడి అంతా విన్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు.

మునెయ్య ఒట్టు పెట్టింది దేశం కోసం కాదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. "అయ్యోరా, నేనీ పని మానుకుంటే మా సమ్మంది నన్ను ఇంట్లోకి రానిస్తాదా?" అని అడిగాడు. శాంతయ్య తనే ఊటగుంట వెళ్ళి సుబ్బులమ్మతో మాట్లాడి వచ్చాడు. ఆమె సరేనంది. "ఏడాది పొడుగూతా ఆయన యాడా కట్టె పెట్టకుండా ఉండమను. మళ్ళా ఉగాదికి రమ్మను. మనవరాల్ని నేనే ఎత్తిస్తా ఒళ్ళోకి."

కట్టె చూరులో దోపాడు. గొంగళి చిలక్కొయ్యకు తగిలించాడు. శాంతయ్య మాటసాయంతో గుట్టకింద సజ్జచేనికి కావలి పని దొరికింది. పొద్దున్నే వెళ్ళి మంచె ఎక్కితే పొద్దుగూకాక దిగడం. పిట్టలు తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. భార్య కుప్పమ్మ పగలంతా గడ్డికోతకు పోయేది.

ఆషాఢంలో ఊరి పెద్ద దొరస్వామి రెడ్డి అక్క పోయింది. రెడ్డి మనిషిని పంపాడు, తర్వాత తనే వాడ దగ్గరికి వచ్చాడు.

"ఏరా మునిగా, ఒట్టు పెట్టినావంటనే! మా అక్క నీ ఒట్టు తీరేదాకా పడుకోనుంటాదా?"

"మీ ఇంట్లో సైకిలుండాది గదా సామీ," అన్నాడు మునెయ్య, తల వంచుకునే.

సైకిలు మీద గుమాస్తా జాబు పట్టుకుని వెళ్ళాడు. చనిపోయినామె కూతురు యశోదమ్మను కాళహస్తి దారిలో ఇచ్చారు. అత్తింటివాళ్ళు జాబు చదువుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నవ్వుకున్నారట. "కట్టె రాకుండా సావేంది? ఆస్తి కాయితాల మీద ఏలిముద్ర ఏయించుకునేదానికి పిలస్తాండారు," అన్నారట. ఎవరూ కదల్లేదు. ఇక్కడ రెడ్డి రెండు రోజులు చూసి దహనం చేయించేశాడు. నాలుగోరోజు అసలు సంగతి తెలిసి యశోదమ్మ పరుగెత్తుకొచ్చింది. శ్మశానంలో చల్లారిన బూడిదను రెండు చేతులా ఎత్తి, అందులో ఏదో వెతికింది. ఏటి ఒడ్డున గడ్డి కోస్తున్న కుప్పమ్మ అదంతా చూసింది. ఆ రాత్రి ఆమె ముద్ద ముట్టలేదు.

"నీకేమైంది మే?" అన్నాడు మునెయ్య.

"ఏం లేదులేయ్యా. తల్లి మొగం యాడుందో అని ఎతుకుతా ఉండాది ఆ బిడ్డ. బూడిదిలో మొగం యాడుంటాది?"

వినాయక చవితి వెళ్ళాక కరణంగారి తండ్రి పోయాడు. ఈసారి సైకిలు కదలకముందే బంధువులు బళ్ళు కట్టుకుని దిగారు. ఎవరు చెప్పారని కరణం అడిగాడు. "మీ మునెయ్యే గదప్పా! మద్దేన్నం ఒచ్చి కట్టె పెట్టి పోయినాడు," అన్నారు.

ఆ మాట సాయంత్రానికి వాడకు చేరింది. మంచె దిగి వస్తున్న మునెయ్యను పక్కింటి ఆదిమూలం నిలేశాడు. "ఏం మునెన్నా, గింజలు గొంగట్లో పోసినారా, తువ్వాల్లో పోసినారా?"

"యాడి గింజలు రా?"

"నీకు తెలీకుండా నీ గొంగిడి నడిసిపోయినాదా ఏంది!"

మునెయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం మంచె మీద తనకు కునుకు పట్టిన మాట నిజం. ఎంతసేపో తెలియదు. లేచేసరికి నీడ చాలా దూరం జరిగి ఉంది.

కార్తీకంలో మరొకటి. తిరుచానూరులో పూలు అమ్ముకునే ఒకామె తమ్ముడు ఎర్రమిట్టలో పోయాడు. ఆమె ఏడుస్తూ వచ్చి అదే మాట చెప్పింది. గుమ్మం ముందు కట్టె ఉందట, గడ్డిపోచ కట్టి ఉందట. తాను ఎత్తి నిలబెట్టాక, నల్ల గొంగళి ఆ కట్టె తీసుకుని వెనక్కి చూడకుండా పోయిందట.

ఆ రోజు కూడా మునెయ్య మంచె మీదే ఉన్నాడు. ఉన్నాననే అనుకున్నాడు.

ఇంటికి వచ్చి గొంగళి దించి చూశాడు. అంచంతా పల్లేరుకాయలు పట్టుకుని ఉన్నాయి. అవి ఇంకా పచ్చిగా ఉన్నాయి. ముక్కుకు ఆనించుకుంటే ఎండవాసన. ఎనిమిది నెలలుగా కొయ్యకు వేలాడుతున్న గొంగళికి ఎండవాసన ఎక్కడిది? ఆయన గోడకు చేరగిలబడి తన అరికాళ్ళు తిప్పి చూసుకున్నాడు. దుమ్ము ఉంది. కావలివాడి కాళ్ళకు దుమ్ము ఉండదా? కానీ అది ఏ ఊరి దుమ్మో ఎవరు చెప్పగలరు? నలభై ఏళ్ళు నడిచిన కాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుంటే వాటంతట అవే లేచిపోతున్నాయేమో. నాయన చెప్పిన చావులన్నీ ఆ గొంగట్లోనే ఉండిపోయి, ఆయన లేకుండానే పని చేసుకుంటున్నాయేమో.

మర్నాడు మంచె ఎక్కాక తన కుడికాలును గుంజకు పగ్గంతో కట్టుకున్నాడు. ముడి మీద ముడి, ఏడు ముళ్ళు. పొద్దుగూకాక విప్పుకుని ఏడూ ఉన్నాయని లెక్కపెట్టుకున్నాడు. రోజూ అలాగే చేశాడు. గాలికి గడ్డి కదిలినా ఎవరో నడుస్తున్నట్టే ఉండేది. ఊటగుంటనుంచి ఆదిమూలం చుట్టం మోసుకొచ్చిన మాట ఇంకా పొడిచింది: "మీ సమ్మంది అంటాండాది, అన్న మాట నిలబెట్టుకోలా, ఇంగ రావొద్దులే అని."

పుష్యంలో దొరస్వామి రెడ్డి పెద్ద పాలేరు పోయాడు. మునెయ్య ఆ కబురు మంచె మీదే విన్నాడు. కాలికి పగ్గం, పగ్గానికి ఏడు ముళ్ళు. ఎండ నడినెత్తికి వచ్చే వేళ దూరంగా ఏటి ఇసకలో ఒక నల్లటి ఆకారం కనిపించింది. తన గొంగళి. తన కట్టె. తన నడక కూడా, కొంచెం ముందుకు వంగి. తాను ఇక్కడ కట్టేసుకుని ఉన్నాడు, తాను అక్కడ పోతున్నాడు. ఆ ఆకారం ఏరు దాటి తుమ్మచెట్ల వెనక కలిసిపోయేదాకా కళ్ళార్పకుండా చూశాడు. తర్వాత ముళ్ళు విప్పుకుని ఏట్లోకి దిగాడు.

తడి ఇసకలో అడుగులు తేటగా ఉన్నాయి. చిన్న పాదాలు. ఎడమకాలికి నాలుగు వేళ్ళే.

మునెయ్య అక్కడే చతికిలబడ్డాడు. పదేళ్ళ కిందట కొడవలి జారి కుప్పమ్మ ఎడమకాలి చిటికెనవేలు తెగిపోయింది. ఆ గాయానికి పసరు పోసి కట్టు కట్టింది ఆయనే.

ఇంట్లో ఆయన ఏమీ అడగలేదు. కుప్పమ్మ కుండలోంచి సంగటి తీసిపెట్టింది, తిన్నాడు. 'నువ్వేనా?' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అవునంటుందని భయం. ఆ అడుగులు చూశాక కూడా, కాదంటుందేమోనని మరో భయం.

మూడోరోజు బడి పాకలో అందరూ కూడారు. శాంతయ్య మొహం మాడిపోయి ఉంది.

"మునెయ్యా, నువ్వు కట్టె పెట్టినావని నాలుగూళ్ళోళ్ళు చెబుతుండారు. నువ్వు పోలేదని చెప్పేవాడు ఒక్కడు లేడు. నేను నిన్ను నమ్మినాను. నిజం చెప్పు."

తాను కాదంటే కుప్పమ్మ పేరు చెప్పాలి. తానే అంటే మనవరాలు పోతుంది. వాడలో నిప్పు పుట్టదు. మునెయ్య తల వంచుకుని, "నేనే పోయినాను అయ్యోరా," అన్నాడు.

తడిక కదిలింది. కుప్పమ్మ లోపలికి వచ్చింది. గొంగళి ఆమె భుజం మీద ఉంది. మగవాళ్ళ మధ్యకు నడిచి, చాప మీద కట్టెను అడ్డంగా పడుకోబెట్టింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"ఆయన్నెందుకు అడగతారయ్యోరా? పోయింది నేను."

"నువ్వా! ఒట్టు పెట్టినాం గదమ్మా?"

"ఎవురు పెట్టినారు? ముప్పై నలుగురు మొగోళ్ళు పెట్టినారు. తడికవతల నేను నిలబడుకోనే ఉన్న్యా. ఒక్కరన్నా ఇట్రామ్మే, నువ్వు గూడా దీపం ముట్టు అన్న్యారా?"

కుప్పమ్మ భుజం మీది గొంగళి సర్దుకుంది.

"గింజలకు పోలా నేను. ఒక గింజ తాకలా. ఆ యశోదమ్మ బూడిదిలో చేతులు పెట్టి దేవుకుంటా ఉంటే సూసినా. నాకూ దూరంలో బిడ్డ ఉండాది." ఆమె ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. "అయినా ఏం జనమప్పా! నలభై ఏండ్లు మా ఆయన తిరిగిన ఊర్లు. ఆడదానో మొగోడో గూడా సూడలేదు. గొంగిడిని జూసి ఏడ్సినారు."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. శాంతయ్య మాత్రం నవ్వలేదు. తల దించుకుని, "తప్పు నాదేనమ్మా. మిమ్మల్నందర్నీ ముందే పిలవాల్సింది," అన్నాడు. ఆ సాయంత్రమే ఆడవాళ్ళందరినీ పిలిచి, వాళ్ళ చేత కూడా దీపం మీద ఒట్టు పెట్టించారు. బయట మంట వేసి కట్టెను అందులో పడేశారు. కుప్పమ్మ చివరగా దీపం ముట్టుతూ, అందరినీ నవ్వించడానికే అన్నట్టు అంది: "సరే, ఇంగ పోను. ఈ గొంగిడి నేనే కప్పుకుంటా, సలికి. అయితే నేను సచ్చినాక నా బిడ్డకు ఎవురు పొయ్యి చెప్తారు? మీరంతా ఒట్టు పెట్టినోళ్ళే గదా. ఆ ఒక్కదానికి మటుకు నేనే పోవాల."

ఆదిమూలం పొట్ట పట్టుకుని నవ్వాడు. మునెయ్య కూడా నవ్వాడు.

తెల్లారి కుప్పమ్మ బూడిదలోంచి కట్టెను బయటికి తీసింది. తుమ్మకట్టె గట్టిది, ముడి ఒక్కటే మాడింది. "మోకాళ్ళ నొప్పికి ఊతం ఉండనీలే," అంది.

శాంతయ్య జరిగిందంతా ఊటగుంటకు జాబు రాశాడు. సుబ్బులమ్మ జవాబు పంపింది. అన్న మాట తప్పలేదు కాబట్టి ఉగాదికి రావచ్చు.

ఉగాది దగ్గరపడ్డాక కుప్పమ్మకు జ్వరం తగిలింది. ఒళ్ళు పెద్దగా కాలడం లేదు, నీరసం. ప్రయాణం మానుకుందామన్నాడు మునెయ్య. ఆమె ఒప్పుకోలేదు.

"నాలుగేండ్లు కాసుకోనుండావు. నువ్వు ముందు పో. నేను ఎనకమాల వస్తా."

మంచం పక్కన గోడకు మాడిన కట్టె ఆనించి ఉంది. ఆయన పుత్తూరులో రైలెక్కి ఏకాంబరకుప్పంలో దిగాడు. ఒంటి మీద శాంతయ్య ఇచ్చిన ఖద్దరు చొక్కా, భుజాన మనవరాలికి బెల్లం, మరమరాలు. ఊటగుంటకు రెండు మైళ్ళు. దారిలో ఒక ఊరు దాటాలి. ఆ ఊళ్ళో ఆయన పదిసార్లయినా కట్టె పెట్టి ఉంటాడు. మధ్యాహ్నపు ఎండ వీధిలో నిటారుగా పడుతోంది. ఆయన అడుగు తడబడింది. కానీ రోకళ్ళు ఆగలేదు. పిల్లలు గోళీలాట మానలేదు. ఒకామె అరుగు మీదనుంచి పలకరించింది. "ఏ ఊరు పెద్దాయనా? ఎండన పడి వస్తుండావు, నీళ్ళు తాగుతావా?" దోసిట్లో నీళ్ళు పోసింది. ఆయన మొహంలోకి చూసి పోసింది. నీళ్ళు తాగుతూ మునెయ్య ఏడ్చాడు. ఆమెకు కనపడలేదు.

ఊటగుంట మాలవాడలో అడుగుపెట్టేసరికి రోకళ్ళ చప్పుడు లేదు. వీధిలో పిల్లలు లేరు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. ప్రతి తలుపు వెనకా బిగపట్టిన ఊపిరి. ఆయనకు బాగా తెలిసిన నిశ్శబ్దం. కానీ ఈసారి తనవల్ల కాదు. తన చేతుల్లో బెల్లం మూట తప్ప ఏమీ లేదు.

కూతురి ఇంటి ముందు సుబ్బులమ్మ నిలబడి ఉంది. ఆయన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేందన్నా? ఇప్పుడే గదా నువ్వొచ్చి కట్టె పెట్టి పోయినావు? ఏడాది నిండిన నాడే ఇట్ట జేస్తావా అని నేను తిడతానే ఉండా. ఆ తట్టు పోయినోడివి, ఈ తట్టు ఒట్టి సేతులతో వస్తుండావే!"

గుమ్మం ముందు కట్టె అడ్డంగా పడుకుని ఉంది. దాని ముడి నల్లగా మాడి ఉంది. ముడి ఎర్రమిట్టవైపు తిరిగి ఉంది. నడుమన పసుపుకొమ్ము.

తలుపు తీసుకుని ఆనందమ్మ బయటికి వచ్చింది, చంకన నాలుగేళ్ళ పిల్ల. "నాయనా, నువ్వు పెట్టలేదా? అయితే ఎవురికి నాయనా? ఎవురు పోయినారు?"

మునెయ్య జవాబు చెప్పలేదు. నోటితో చెప్పకూడదు. మూట అరుగు మీద పెట్టాడు. నలభై ఏళ్ళలో వేల గుమ్మాల ముందు ఆయన ఆ కట్టెను కింద పెట్టాడు, ఎవరో వచ్చి ఎత్తేదాకా కాచుకున్నాడు. ఎన్నడూ తాను ఎత్తలేదు. వంగి రెండు చేతులా ఎత్తి నిలబెట్టాడు. కట్టె ఇంకా వెచ్చగా ఉంది, ఎవరో చాలాసేపు పట్టుకుని నడిచినట్టు.

ఆనందమ్మ పసుపుకొమ్మును చూసింది, నాయన మొహాన్ని చూసింది. అమ్మా అని ఒక్క కేక పెట్టి కూలబడిపోయింది. సుబ్బులమ్మ గబుక్కున పిల్లను అందుకుని, తానన్న మాట గుర్తొచ్చినట్టు, గుమ్మంలోకి చెయ్యి చూపించింది. "లోపలికి రాన్నా. నీ ఇల్లే అనుకో. లోపలికి రా." మునెయ్య గుమ్మం ఎక్కాడు. ఆమె పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది. భారతమ్మ తాత గడ్డాన్ని పట్టుకుని, కళ్ళార్పకుండా ఆయన మొహంలోకి చూసింది.

పిల్లను ఎత్తుకునే ఆయన వాకిటి దుమ్ములోకి తిరిగి చూశాడు. చిన్న పాదాలు వీధి చివరనుంచి వచ్చి, కట్టె పెట్టిన చోట ఆగి, ఎర్రమిట్ట దారిన తిరిగి వెళ్ళాయి. ఎడమకాలికి నాలుగు వేళ్ళు. వచ్చినవాళ్ళు వెనక్కి చూడకూడదు. అది నాయన చెప్పిన పద్ధతి, ఆయన నలభై ఏళ్ళు తప్పని పద్ధతి. కానీ వీధి మలుపు దగ్గర, ఒక్కచోట, రెండు పాదాలూ ఈ ఇంటివైపుకు తిరిగి పక్కపక్కన ఉన్నాయి. అక్కడ దుమ్ము బాగా లోతుగా అణిగి ఉంది.